పద్నాలుగో రోజు లెక్క

నా నోరు మంచిది కాదని మా గల్లీ అంతటికీ తెలుసు. గ్యాస్ బండ ఆలస్యంగా తెచ్చినవాణ్ని వదల్లేదు, నల్లా నీళ్లు సగంలో బంద్ చేసినవాణ్ని వదల్లేదు, పెళ్లిలో మాడిన బిర్యానీ వడ్డించిన సొంత మేనమామనూ వదల్లేదు. "దీన్ని చేసుకునేటోడు చెవుల్ల దూది పెట్టుకొని రావాలె" అని మా అమ్మీ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అలాంటి దాన్ని, ఒక మధ్యాహ్నం ఒక మనిషి ముందు పెన్ను మూత తీసి, ఆయన చెప్పిన అంకె రాసి, కింద సంతకం పెట్టాను. ఆయన తిట్టలేదు, బెదిరించలేదు. కూర్చోబెట్టి చాయ్ తాగించారు.

అప్పుడు నేను హుజూరాబాద్ దగ్గర ఒక విత్తనాల ప్లాంటులో పనిచేసేదాన్ని. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వడ్లు వస్తాయి, వాటిని జల్లించి, సంచుల్లో పోసి, కార్డు కుట్టి రైతులకు విత్తనంగా పంపుతారు. పంపే ముందు అవి మొలుస్తాయో లేదో చూడడం నా పని. ఒక్కో లాట్ నుంచి నాలుగు వందల గింజలు తీస్తాం. నూరు చొప్పున తడి కాగితం మీద వరసగా పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పైన పెన్సిల్‌తో లాట్ నంబరూ తారీఖూ రాసి, వేడి సమంగా ఉంచే కరెంటు పెట్టెలో నిలబెడతాం. పద్నాలుగో రోజు విప్పి లెక్కపెడతాం. నూటికి ఎనభై మొలిస్తే అది విత్తనం. తగ్గితే ఉత్త వడ్లు, మిల్లుకు పోవాల్సిందే.

లెక్కపెట్టేది నేను కాదు, ఒక అవ్వ. అరవై దాటిన మనిషి, పక్క ఊరి నుంచి ఆటోలో వచ్చేది. చదువు రాదు. కానీ మొలక మంచిచెడ్డలు చూసే కన్ను ఆమెది. వేరూ మొలకా రెండూ సరిగ్గా ఉన్నదాన్నే ఒక పక్కన పెట్టేది, వంకరపోయినదాన్ని కనికరం లేకుండా తీసేసేది. వడ్లు కొలిచేవాళ్ల అలవాటే ఆమెకూ ఉంది. ఒకటి అనదు. "లాభం, రెండు, మూడు" అని మొదలుపెడుతుంది. కొత్తలో నేను నవ్వాను. "ఒకటి అనరాదా అవ్వా?" అంటే, "ఒకటంటే ఒక్కటికాడనే ఆగుతది బిడ్డా, లాభమంటే పెరుగుతది" అంది. ఆమె పైకి చెప్పేది, నేను రిజిస్టర్‌లో రాసేదాన్ని. రెండేళ్లు అలాగే నడిచింది.

ఆ రోజు రోహిణి ఎండ. రేకుల గది కాలిపోతోంది. ఆ సీజన్‌కంతా పెద్దదైన లాట్ విప్పాం. మొదటి చుట్ట అరవై మూడు. అవ్వ మళ్లీ ఒకసారి చూసింది, అంతే. రెండోది యాభై ఎనిమిది. మూడోది అరవై రెండు. నాలుగోది అరవై ఒకటి. మిగిలిన గింజలు కాగితానికి అతుక్కుని కుళ్లిపోయి ఉన్నాయి, వేలితో నొక్కితే తెల్లగా పిండి కారింది. "గివి తడిసిన వడ్లు బిడ్డా, కల్లంలనే ఖరాబైనయ్" అని చెప్పి అవ్వ ట్రేలు కడగడానికి బయటికి వెళ్లింది. నేను పెన్సిల్‌తో సగటు కట్టాను. అరవై ఒకటి.

సర్ వచ్చారు. ఆ ప్లాంటు ఆయనదే. పెద్దగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. అందరినీ బిడ్డా అనే పిలుస్తారు, రంజాన్‌కు మా ఇంటికి ఖర్జూరాల డబ్బా పంపుతారు. మా తమ్ముడు మస్కట్‌లో పనికి కుదిరింది కూడా ఆయన బావమరిది చూపించిన కంపెనీలోనే.

"ఎంతొచ్చింది బిడ్డా?"

"అరవై ఒకటి సర్."

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. వాచ్‌మన్‌ను పిలిచి రెండు చాయ్ తెమ్మన్నారు. చాయ్ వచ్చేదాకా వానల గురించి మాట్లాడారు. తర్వాత రిజిస్టర్ తన వైపు తిప్పుకుని, నా పెన్సిల్ అంకెల మీద వేలు పెట్టి, "పెట్టెల వేడి అటిటు అయిందేమో. కరెంటు పోతనే ఉన్నది గదా. నీ కండ్లు గూడ అలసిపోయినయ్, పొద్దంతా గదే పని పాపం" అన్నారు.

నేను రబ్బరు బ్యాండ్లు ఏరి డబ్బాలో వేస్తున్నాను.

"ఎనభై ఆరు రాయి. మళ్లొకసారి పరీక్ష పెడుదాం, పెట్టొద్దంటలేను. అప్పటిదాక బండ్లు ఆపితే రైతులకు అదును పోతది. మనం ఉన్నది వాళ్ల కోసమే గదా?"

"సరే సర్" అన్నాను.

ఎలా అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆలోచించి అన్న మాట కాదు. చిన్నప్పుడు బడిలో టీచర్ లోపలికి రాగానే ఎందుకు లేస్తున్నామో అనుకోకుండానే లేచి నిలబడేవాళ్లం, అలా వచ్చేసింది. మనిషి భయపడి మాట వింటాడని అనుకుంటారు. నా విషయంలో ముందు మాట వినడం అయిపోయింది, భయం తర్వాత వచ్చింది. పెన్సిల్ అంకెలు రబ్బరుతో చెరిపాను, ఎనభై అయిదూ ఎనభై ఏడూ అంటూ నాలుగు కొత్త అంకెలు పెన్నుతో రాశాను. ఒకే అంకె నాలుగుసార్లు వేస్తే అనుమానం వస్తుందని ఆయన చెప్పలేదు. ఆ తెలివి నాదే, థూ.

సర్ లేస్తూ, "మీ తమ్ముడు మంచిగున్నడా? మా బావమరిది మొన్ననే ఫోన్ల చెప్పిండు, పని మంచిగ చేస్తుండని" అన్నారు. అదే గొంతు, అదే నవ్వు. అది క్షేమం అడగడమో హెచ్చరికో ఈ రోజుకూ నేను తేల్చుకోలేదు. హెచ్చరికే అయితే నేను కోపం తెచ్చుకోవచ్చు. ఆ అవకాశం కూడా ఆ మనిషి ఇవ్వలేదు. తలుపు దగ్గర ఆగి, "ఆ చుట్టలు కాలబెట్టుమని అవ్వకు చెప్పు" అని వెళ్లిపోయారు. చెప్పాను.

ఇంటికొచ్చాక చేతులు కడుగుతుంటే అప్పుడొచ్చింది భయం. సబ్బు రెండుసార్లు జారిపోయింది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. "క్యా హువా బేటా?" అని నాన్న అడిగాడు. ఎండ అన్నాను.

నాన్నకు మార్కెట్ దగ్గర మందుకొట్టే పంపులు బాగుచేసే దుకాణం ఉంది. ముందర ఒక బల్ల వేసి ఉంటుంది, పంపు బాగయ్యేదాకా రైతులు దాని మీద కూర్చుంటారు. సాయంత్రాలు నేనూ అక్కడే కూర్చుని వాషర్లు ఏరి పెట్టేదాన్ని. రాసిన మూడో రోజు సాయంత్రం ఒక రైతు మోటార్ సైకిల్ ఆపి దిగాడు. చిన్నప్పటి నుంచీ నేను కాకా అని పిలిచే మనిషి, నాన్నకు పాతికేళ్ల దోస్తు. బండి మీది సంచి దించి, తెచ్చి సరిగ్గా నా పక్కన బల్ల మీద పెట్టాడు. మా ప్లాంటు సంచి.

"గీసారి మీ దాంట్లదే తెచ్చిన బిడ్డా" అన్నాడు. "దుకాణపాయన వేరేది ఇస్తనంటే నక్కో అన్న. మా భాయ్ బిడ్డ చూసి పంపిన విత్తనం ఉండంగ వేరేది నాకెందుకు?"

కుట్టిన కార్డు మీద లాట్ నంబరు చూశాను. అదే. పై ప్రాణాలు పైనే పోయాయి.

నాన్న నవ్వుతున్నాడు, గర్వంగా. కాక సంచిని అరచేత్తో తడుతున్నాడు. చెప్పేస్తే ఏమవుతుంది? కాక నేరుగా దుకాణానికి పోయి సంచి వాపస్ ఇస్తాడు, ఎవరు చెప్పారంటే నా పేరు చెప్తాడు, ఆయనకు దాచడం రాదు. పొద్దున్నే సర్ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంటారు. మస్కట్‌లో తమ్ముడి పాస్‌పోర్టు కంపెనీ వాళ్ల దగ్గరే ఉంది. ఇదంతా ఒక్క క్షణంలో నా తలలో తిరిగింది.

"ఎప్పుడు పోస్తవ్ కాకా తుకం?" అని మాత్రం అడిగాను. నారుమడిని మా దిక్కు తుకం అంటారు.

"జర తొందరేం లేదు. ఒక వాన పడనీ."

టైముంది, అనుకున్నాను. ఆ మాట పట్టుకుని ఆ సాయంత్రం గడిపాను.

తర్వాతి రోజులన్నీ ఒకేలా గడిచాయి. ప్లాంటు ముందు లారీ ఆగిన చప్పుడైతే కిటికీ దగ్గరికి పోయి చూసేదాన్ని. ఆ లాట్ సంచులే ఎక్కిస్తున్నారు, కొన్ని కరీంనగర్ దిక్కు, కొన్ని ఆదిలాబాద్ దిక్కు. సర్ తలుపు తీసిన ప్రతిసారీ రిజిస్టర్ మూసేదాన్ని, అందులో దాచడానికి ఏముందని? రాసింది ఆయన కోసమే కదా. మళ్లీ పరీక్ష పెడదామన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంట్లో మాత్రం నోరు ఇంకా పెరిగింది. ఉప్పు ఎక్కువైందని అమ్మీ మీద అరిచాను, ఆమె బిత్తరపోయి చూసింది. దమ్ము చూపించాల్సిన చోట చూపించలేక ఉప్పు మీద చూపించాను.

ఏడో రోజు అవ్వ పనికి రాలేదు. ఎనిమిదో రోజూ రాలేదు. నాకు పరేషాన్ మొదలైంది. సర్ పిలిపించుకుని ఏమైనా అడిగారా? లేకపోతే ఈమే ఎవరితోనైనా అన్నదా? ఆటో ఎక్కి ఆమె ఊరికి వెళ్లాను. జ్వరం మాత్రలు పట్టుకెళ్లాను కానీ, అబద్ధమెందుకు, జ్వరం చూడడానికి పోలేదు, చుట్టలు కాలాయో లేదో కనుక్కోవడానికి పోయాను.

అవ్వకు నిజంగానే జ్వరం. గడపలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి సంబరపడి నీళ్లిచ్చింది. ఆ పక్కనే గంపలో కోడి పొదుగుతోంది. కోడి కింద గడ్డి లేదు, కాగితాలున్నాయి. దగ్గరికి వెళ్లి వంగి చూశాను. మా కాగితాలు. ఎండి గట్టిపడ్డాయి, కుళ్లిన గింజలు ఇంకా వాటికి అతుక్కునే ఉన్నాయి, ఒక అంచున పెన్సిల్ రాత. లాట్ నంబరు, తారీఖు. నా చేతిరాత.

"కాలబెట్టమన్న గదా అవ్వా!" అన్నాను.

"మొలకెత్తినదాన్ని అగ్గిల ఎట్ల ఏస్త బిడ్డా? పాపం గాదా? నేనెప్పుడు కాలబెట్టలే." చేయి చూపించింది. స్నానాల గది గోడ పక్కన చిన్న మడి, పచ్చగా వరి. రెండేళ్ల నుంచి మేం లెక్కపెట్టి పారేసిన మొలకలన్నీ ఆమె అన్నం డబ్బా సంచిలో తెచ్చుకుని అక్కడ నాటుకుంటోంది. కాగితాలు కోళ్ల గంపలకు.

సాక్ష్యం దొరికినందుకు సంతోషం కలిగిందని రాస్తే బాగుంటుంది. నాకు కలిగింది భయమే, మునుపటికంటే పెద్దది. అప్పటిదాకా "నా దగ్గర ఏముంది, చెప్పినా ఎవరు నమ్ముతారు" అని ఒక మాట ఉండేది, దాని చాటున నేను బతుకుతున్నాను. ఆ కోడి దాన్ని కూడా లేకుండా చేసింది.

"గా లాట్ మిల్లుకు పోయినట్టేనా?" అని అవ్వ అడిగింది. "మా అల్లునికి చెప్పిన, మా ప్లాంటుదే తెచ్చుకో, నేనే లెక్కవెడ్త, ఖరాబుది బయటికి పోనియ్యమని. రేపో ఎల్లుండో తెస్తడట."

"వద్దను" అన్నాను.

"ఏంది?"

"తేవద్దని చెప్పు అవ్వా."

అవ్వ నా మొహంలోకి చూసింది. నేను నేల చూశాను.

"ఎంత రాసినవ్?"

"ఎనభై ఆరు."

ఆమె తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. "అరవై మూడు దాటి నేను చెప్పలే గదా" అంది, అంతే. రెండేళ్లు నేను ఆమె చెప్పిందే రాస్తున్నానని నమ్మిన మనిషి. లేచి, కోడిని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టి, గుడ్ల కింది నుంచి కాగితాలు ఒక్కొక్కటే లాగింది. గడ్డి పరిచి గుడ్లు పెట్టి కోడిని మళ్లీ కూర్చోబెట్టింది. కాగితాలు పాత చీర ముక్కలో మూటగట్టి నా ఒళ్లో వేసింది. "నాకు సదువు రాదు. నువ్వు సదువుకున్నదానివి. యాడ ఇయ్యాల్నో నీకే ఎరిక" అని చాప మీద పడుకుని అటు తిరిగింది.

మర్నాడు సెలవు పెట్టి కరీంనగర్ బస్సెక్కాను. మూట ఒళ్లో పెట్టుకుని దాని మీద చున్నీ కప్పాను. కోళ్ల వాసన. పక్క సీటు ఆమె రెండుసార్లు నా వైపు చూసి ముక్కు మూసుకుంది. కిటికీలోంచి తెల్ల కారు కనపడితే చాలు, సర్‌దే అనుకుని తల వంచేదాన్ని. లోకంలో ఇన్ని తెల్ల కార్లున్నాయని ఆ రోజే తెలిసింది. వ్యవసాయాఫీసు గేటు దాకా పోయి వెనక్కి తిరిగాను. బస్టాండుకొచ్చి హుజూరాబాద్ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టాను కూడా. కండక్టర్ "ఎక్కుతవా లేదా అమ్మా, దారి ఇడువు" అని కసిరాడు. నాకు కోపం వచ్చింది, "ఎక్కను పో!" అన్నాను. నా నోటికి దండం పెట్టాలి. ఆ కోపం చల్లారకముందే ఆఫీసు మెట్లెక్కేశాను.

లోపల ఒక మేడమ్ కూర్చుని ఉన్నారు. మూట విప్పి టేబుల్ మీద పెట్టాను. ఆమె ముక్కు మూసుకోలేదు. కాగితాలు పరిచి, అతుక్కున్న గింజలు పెన్ను మొనతో కదిపి చూశారు, నంబరు రాసుకున్నారు.

"గీ రాత ఎవరిది?"

"నాదే మేడమ్."

"రిజిస్టర్ల ఎనభై ఆరు రాసింది ఎవరు?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తట్టనే లేదు. తొమ్మిది రోజులుగా నేను సర్ తప్పు చెప్పడానికి భయపడుతున్నాననుకున్నాను. చెప్పాల్సింది ముందు నా తప్పు. "నేనే" అన్నాను, ఏడుపొచ్చింది. ఆమె నీళ్ల సీసా జరిపి, తెల్ల కాగితం ఇచ్చి, జరిగింది జరిగినట్టు రాయమన్నారు. "మీరు ఇచ్చిండ్రని మేం చెప్పం. కానీ వాళ్లు ఊహిస్తరు, గది మటుకు మీరు తెలుసుకోండి" అన్నారు. దాపరికం లేకుండా మాట్లాడిన మనిషి. రాశాను. చెమటకు కాగితం తడిసి ఒకచోట చిరిగింది.

కాక సంచి గురించి ఆ కాగితంలో రాయలేదు. అమ్ముడుపోయిన సంచుల సంగతి వాళ్లే చూసుకుంటారని అనుకున్నాను. తిరుగు బస్సులో మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది. నా పని అయిపోయిందనిపించింది.

మూడో రోజు జీపులో వాళ్లు వచ్చారు. నమూనాలు తీశారు, మిగిలిన సంచులకు సీలు వేశారు, మా చుట్టల కాగితాలు సర్ ముందు పెట్టి అడిగారు, రిజిస్టర్‌లో ఆ పేజీ ఫోటో తీసుకుని పోయారు. జీపు గేటు దాటగానే సర్ మా గదికి వచ్చారు. అవ్వ జ్వరం తగ్గి ఆ రోజే పనికి వచ్చింది. ఇద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

"చుట్టలు గీ గదిల కెళ్లి బయటికి ఎట్ల పోయినయ్?" అదే మెల్లని గొంతు. "వాచ్‌మన్ చెప్తుండు, అవ్వ సంచిల కాగితాలు తీసుకపోతదని."

"నేనే తీసుకపోయిన సారూ. కోళ్లకు" అంది అవ్వ. నా వైపు చూడలేదు.

"మంచిది. రేపటి సంది రాకు అవ్వా."

అవ్వ కొంగు దులుపుకుని అన్నం డబ్బా తీసుకుంది. నేను నోరు తెరవలేదు. ఆమె తలుపు దాటకముందే సర్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు, ఒక తెల్ల కాగితం టేబుల్ మీద పెట్టి, పెన్ను నా వైపు జరిపారు.

"నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. లెక్కవెట్టేది సదువురాని ముసల్ది, ఎనభై ఆరని తప్పు చెప్పింది, ఆమె చెప్పింది నువ్వు రాసినవ్. గింతే. రాసి సంతకం పెట్టు."

అవ్వ తలుపు దగ్గర ఆగిపోయింది. ఆమెకు వినపడింది.

ఆ పెన్ను నాకు బాగా గుర్తు, నీలం మూత. నా చేయి దాని వైపు పోయింది కూడా. అబద్ధం ఎందుకు, పోయింది. రాస్తే నేను బయటపడతాను, తమ్ముడు బయటపడతాడు, అవ్వ పని ఎలాగూ పోయింది. లెక్క సరిపోతోంది. కానీ ఆ మనిషి రెండేళ్లలో ఒక్క గింజ తప్పు చెప్పలేదు. వంకర మొలకను కూడా మంచిదాంట్లో కలపలేదు. "లాభం" అని మొదలుపెట్టినా, మంచి మొలకలు అయిపోయిన అంకె దగ్గరే ఆగేది.

"నేను రాయను సర్" అన్నాను. అంత చిన్నగా అన్నాను కాబట్టి ఆయన "ఏంది?" అన్నారు. రెండోసారి అనాల్సి వచ్చింది. "అవ్వ చెప్పిన లెక్క అరవై ఒకటే. ఆఫీసుకు పోయింది నేను."

ఆయన అప్పుడూ అరవలేదు. ఫోన్ తీసి, "మీ తమ్ముని నంబర్ ఉన్నదా నా దగ్గర?" అని తనలో తనే అనుకుంటున్నట్టు అని బయటికి వెళ్లారు. గేటు దాకా నడిచానో పరిగెత్తానో తెలియదు. ఆటో కోసం నిలబడ్డ అవ్వ, "పాగల్ పోరి! నాకు కూలి యాడైన దొరుకుతది. నిన్ను ఎవరు చెప్పుమన్నరే?" అని చెడామడా తిట్టింది. తిడుతూనే నా చేయి పట్టుకుని ఆటోలోకి లాగింది.

తమ్ముడి సెలవు ఆ ఏడాది రెండుసార్లు వాయిదా పడింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు. వాడి ఫోన్ మోగితే చాలు, అమ్మీ నా మొహం చూసేది. నేను ఏదో చెడ్డమాట వినడానికి సిద్ధపడి ఎత్తేదాన్ని. అయినా ఆ రోజుల్లో, అబద్ధమెందుకు, లోపల కొంచెం గర్వం కూడా ఉండేది. భయపడ్డాను కానీ చెప్పాను కదా అని.

జీపు వచ్చిన రెండు మూడు వారాలకు, నాన్న దుకాణంలో వాషర్లు ఏరుతున్నాను. కాక వచ్చాడు. పంపు బల్ల కింద పెట్టి కూలబడ్డాడు. ప్లాంటులో సంచులకు సీలు పడ్డ సంగతి పేపర్లో రాలేదు, ఆయనకు తెలియదు. ఆయన సంచి కోసం ఆఫీసు వాళ్లెవరూ రాలేదు. నేనూ పోలేదు. ఆయన ఊరు మా ఇంటి నుంచి ఆటోలో పావుగంట. కరీంనగర్ పోగలిగినదాన్ని అక్కడికి పోలేకపోయాను. ఆఫీసులో మేడమ్ నన్ను అంతకుముందు ఎరగదు. కాక నన్ను భుజాన ఎత్తుకుని తిప్పినవాడు.

"తుకం ఎట్లున్నది?" అని నాన్న అడిగాడు.

"ఏం చెప్పాలె భాయ్. సగం మొలవలే. మళ్ల పోద్దామంటే అదును దాటింది, గీ కాలం సగం పొలం బీడే." తల గోక్కున్నాడు. "తప్పు నాదే. నానబెట్టి మొలకకు మండె కట్టినప్పుడు గోనెసంచి మంచిగ కప్పలే కావచ్చు. విప్పి చూస్తే సగం గింజలు ముక్కు పగలలే. అప్పుడే అనుమానం కొట్టింది. కాని మన బిడ్డ చూసిన విత్తనమాయె, తప్పెట్ల ఉంటది అనుకొని పోసేసిన. ముసలోణ్నైతున్న, పని చాతనైతలేదు."

వాషర్ల డబ్బా నా చేతిలోంచి జారి గలగలమని నేలంతా పడింది.

"మీ తప్పు కాదు కాకా" అన్నాను. "అరవై ఒకటే మొలిచినయ్. ఎనభై ఆరని నేనే రాసిన."

నాన్న చేతిలో పానా ఆగిపోయింది. కాక నా వైపు చూశాడు, తర్వాత బల్ల వైపు చూశాడు, నేను కూర్చున్న చోటి పక్కన.

"గా దినం సంచి గీడనే పెట్టిన గదా బిడ్డా. అప్పటికే ఎరికేనా నీకు?"

"ఎరికే."

ఆయనకు కోపం రాలేదు. అర్థం కానట్టు చూశాడంతే. "సంచి విప్పకముందు చెప్తే ఐపోవు గదా" అని లేచి, మెల్లగా బండి దగ్గరికి నడిచాడు. పంపు మర్చిపోయాడు. నాన్న దాన్ని ఆ రాత్రే బాగుచేశాడు. కాక మళ్లీ రాలేదు, అది ఇప్పటికీ ఆ బల్ల కిందే ఉంది.